ఎవరి మాట ఎంత దూరం?

మీరు ఉదయాన్నే చెల్లెలికి ఫోన్ చేసి నాలుగు నిమిషాలు మాట్లాడారనుకోండి. మీ ఇద్దరి మాటలు గాలిలో కలిసిపోతాయి. టెలికాం కంపెనీ కంప్యూటర్లో మాత్రం ఒక వరస మిగులుతుంది: ఏ నంబరు నుంచి, ఏ నంబరుకు, ఎన్ని గంటలకు, ఎన్ని సెకన్లు, ఏ టవర్ పరిధిలో. బిల్లు వెయ్యడం కోసం పుట్టిన వరస ఇది. నేరవార్తల్లో ‘కాల్ డేటా’ అని మనం చదివేది దీన్నే.

ఒక్క వరసలో చూడడానికి ఏమీ లేదు. అలాంటివి కోట్లు పోగేసి, ప్రతి నంబరుకూ ఒక చుక్క పెట్టి, ఒకరికొకరు ఫోన్ చేసుకునే ప్రతి జంట మధ్యా ఒక గీత గీస్తే, ఒక దేశపు జనం ఎలా అల్లుకుని బతుకుతున్నారో చూపే పటం వస్తుంది. ఈ చుక్కల్ని నోడ్‌లంటారు. మొత్తం అల్లిక నెట్‌వర్క్. పటం చేతికి రాగానే పుట్టే ప్రశ్న ఒకటుంది. ఇందులో ఎవరి మాట ఎంత దూరం పోతుంది? ఒక పుకారు, ఒక కొత్త ఫోన్ మీద మోజు, పిల్లకు టీకా వేయించాలన్న ఆలోచన, ఏ నోడ్ దగ్గర మొదలైతే ఎక్కువ నోడ్‌లను చేరుతుంది?

జవాబు అందరికీ తెలిసినట్టే ఉంటుంది: ఎక్కువ మందితో మాట్లాడేవాళ్లదే. గత పాతికేళ్ల పరిశోధన ఈ జవాబును పూర్తిగా కొట్టిపారెయ్యలేదు గానీ, అందులో ఎన్ని చిల్లులున్నాయో చూపించింది. ఆ చిల్లుల్లోంచే ప్రభావాన్ని కొలిచే శాస్త్రం పుట్టింది.

2007లో యుక్క-పెక్క ఒన్నెలా, ఆల్బర్ట్-లాస్లో బరబాసి తదితరులు ఒక యూరప్ దేశంలోని మొబైల్ కంపెనీ నుంచి 18 వారాల కాల్ రికార్డులు తీసుకున్నారు. నంబర్ల స్థానంలో సంకేతాలు పెట్టారు. ఒకవైపు నుంచి మాత్రమే వెళ్లిన కాల్స్ వదిలేశారు, ఎందుకంటే అమ్మకాల కాల్, రాంగ్ నంబర్ కూడా గీతలుగా మారితే పటం చెడిపోతుంది. అటునుంచీ ఇటునుంచీ ఫోన్లు నడిచిన జంటలనే లెక్కలోకి తీసుకుంటే 46 లక్షల మంది, వాళ్ల మధ్య 70 లక్షల బంధాలు తేలాయి. ఇద్దరూ మొత్తం ఎంతసేపు మాట్లాడుకున్నారో అదే ఆ బంధపు బలం.

పటంలో గుంపులు కనిపించాయి. ఒక్కో గుంపులో అందరూ అందరితో మాట్లాడుకుంటారు, గంటల తరబడి మాట్లాడుకుంటారు. ఒక గుంపును ఇంకో గుంపుతో కలిపే గీతలు మాత్రం సన్నవి; ఎప్పుడో ఒకసారి, ఒకటి రెండు నిమిషాలు. ఈ సన్నగీతల విలువను 1973లోనే మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సామాజికశాస్త్రవేత్త చెప్పాడు. మసాచుసెట్స్‌లోని న్యూటన్ పట్టణంలో తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం సంపాదించుకున్నవాళ్లను పట్టుకుని, ఆ కబురు చెప్పిన మనిషిని ఆ రోజుల్లో ఎంత తరచుగా కలిసేవారని అడిగాడు. తరచుగా కలిసేవాళ్లమన్నది 16.7 శాతం మందే. అప్పుడప్పుడూ అన్నవాళ్లు 55.6 శాతం, అరుదుగా అన్నవాళ్లు 27.8 శాతం. దగ్గరివాళ్లకు తెలిసిందంతా మనకూ తెలుసు. కొత్త కబురు రావాలంటే దూరపు పరిచయమే దిక్కు.

గ్రానొవెటర్ మాట్లాడింది కొద్దిమందితో. ఒన్నెలా బృందానికి 46 లక్షల మంది దొరికారు. వాళ్లు కంప్యూటర్లో ఒక్కో గీతనూ తెంపుతూ పోయారు. బలమైన బంధాల నుంచి మొదలుపెట్టి తెంపితే నెట్‌వర్క్ కొద్దికొద్దిగా చిక్కిపోయిందే తప్ప తునిగిపోలేదు. బలహీనమైన వాటి నుంచి తెంపుతూ వస్తే కొంతసేపటిదాకా ఏమీ కానట్టే ఉండి, ఒక దశలో ఉన్నట్టుండి ముక్కలుముక్కలైపోయింది. మనం పెద్దగా పట్టించుకోని పలకరింపులే దేశాన్ని ఒక్కటిగా పట్టి ఉంచుతున్నాయన్న మాట.

ఇక్కడితో ఆగితే అందమైన కథ. కానీ వాళ్లు ఇంకో పని కూడా చేశారు. ఆ నెట్‌వర్క్‌లో ఒక కబురు వదిలి, ఎక్కువసేపు మాట్లాడుకునే జంటల మధ్య అది దాటే అవకాశం ఎక్కువ, తక్కువ మాట్లాడుకునే జంటల మధ్య తక్కువ అని నియమం పెట్టి, నడవనిచ్చారు. కబురు గుంపుల్లో ఇరుక్కుపోయింది. బలమైన బంధం మీద కబురు వేగంగానే పోతుంది, కానీ పోయి చేరేది అప్పటికే విన్నవాళ్ల దగ్గరికి. బలహీన బంధానికి కొత్త లోకంలోకి దారి ఉంది, కానీ ఆ ఫోన్ మోగేదే ఎప్పుడో. మొదటిసారిగా కబురు విన్నవాళ్లలో ఎక్కువమందికి అది మధ్యరకం బంధాల మీదుగానే అందింది. ఈ అధ్యయనంలో అన్నిటికన్నా విలువైనది నాకు ఈ ముక్కే. బలహీన బంధాల గొప్పతనం గురించి చెప్పేవాళ్లు చాలామంది దీన్ని వదిలేస్తుంటారు. దారి ఉండడం వేరు, ఆ దారిన నడక ఉండడం వేరు. ప్రభావం కొలవాలంటే రెండూ కావాలి.

బంధాల సంగతి ఇది. మరి మనుషుల సంగతి?

ఒక నోడ్‌కు ఎన్ని గీతలున్నాయో లెక్కపెట్టడం అన్నిటికన్నా తేలికైన కొలత. దీని లోపం కూడా తేలిగ్గానే కనిపిస్తుంది. పట్టణంలోని గ్యాస్ ఏజెన్సీకి ప్రతి ఇంటి నుంచీ ఫోన్ వస్తుంది. ఆ నంబరు చుట్టూ వేల గీతలుంటాయి. అయినా అక్కడినుంచి ఏ ఆలోచనా ఊళ్లోకి పాకదు. 1977లో లింటన్ ఫ్రీమన్ ఇంకో కొలత ఇచ్చాడు: నెట్‌వర్క్‌లో ఎవరి నుంచి ఎవరికి వెళ్లాలన్నా దగ్గరి దారులు ఏ నోడ్ గుండా ఎక్కువగా పోతాయో చూడమన్నాడు. రెండు గుంపుల మధ్య నిలబడ్డ మనిషికి పరిచయాలు తక్కువైనా ఈ లెక్కలో పెద్ద మార్కులు వస్తాయి. 2010లో మాక్సిమ్ కిట్సాక్ తదితరులు మూడో దారి చూపారు. ఉల్లిపాయ ఒలిచినట్టు, ఒకే పరిచయం ఉన్న నోడ్‌లను ముందు తీసెయ్యాలి. వాటిని తీసేశాక ఒకే పరిచయంతో మిగిలినవాటినీ తీసెయ్యాలి. అలాంటివి లేకుండా పోయాక రెండు పరిచయాలున్న పొర, ఆ తర్వాత మూడు. చివరికి లోపల మిగిలే గట్టి కాయలో ఉన్నవాళ్లే ఎక్కువమందికి అంటించగలరని వాళ్లు చూపారు. వెయ్యి పరిచయాలున్నా వాళ్లంతా అంచున ఉన్నవాళ్లయితే ఆ మనిషి తొలిపొరల్లోనే రాలిపోతాడు. గ్యాస్ ఏజెన్సీ చిక్కు ఇలా కొంత తీరుతుంది. అదే వ్యాసంలో ఇంకో పరిశీలన ఉంది: కబురు ఒకరితో కాక అనేకమందితో మొదలుపెడితే వాళ్లు ఒకరికొకరు ఎంత దూరంలో ఉన్నారన్నది చాలా ముఖ్యమవుతుంది.

ఆ పరిశీలన వెనక అంతకుముందే నడిచిన పెద్ద కథ ఉంది. 2003లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ కెంప్, జాన్ క్లైన్‌బర్గ్, ఎవా టార్డోష్ ఈ ప్రశ్నను గణితంగా మార్చారు. ఒక కంపెనీ కొత్త వస్తువును పదిమందికి ఉచితంగా ఇవ్వగలదు. ఏ పదిమందికి ఇస్తే చివరికి ఎక్కువమంది దాన్ని వాడతారు?

ముందు ప్రభావమంటే ఏమిటో తేల్చుకోవాలి. వాళ్లు వాడిన నమూనాల్లో ఒకటి ఇలా నడుస్తుంది. ఒక నోడ్ కొత్తగా ‘వెలిగింది’ అనుకుందాం. దానికి ప్రతి పొరుగు నోడ్ మీదా ఒకే ఒక్క అవకాశం. నాణెం ఎగరేస్తారు, బొమ్మ పడితే పొరుగు నోడ్ వెలుగుతుంది, బొరుసు పడితే ఆ గీత మీద ఇక ప్రయత్నం లేదు. కొత్తగా వెలిగినవి మళ్లీ తమ పొరుగువాటి మీద నాణెం ఎగరేస్తాయి. కొత్తగా వెలిగేవి లేనప్పుడు ఆట ముగుస్తుంది. ఎన్ని వెలిగాయో లెక్కపెడతారు. నాణెంతో ఆట కాబట్టి ఒక్కసారి ఆడితే చాలదు. కొన్ని వేలసార్లు ఆడించి సగటు తీస్తారు. ఆ సగటే మొదటి నోడ్ ప్రభావం. మన భాషలో పలుకుబడి అనే మాటకు ఇంత ఖచ్చితమైన నిర్వచనం ఇంకెక్కడా నాకు దొరకలేదు: నీతో మొదలుపెడితే, సగటున ఎంతమంది?

ఇప్పుడు పదిమందిని ఎంచాలి. వెయ్యి మందిలోంచి పదిమందిని ఎన్ని రకాలుగా ఎంచవచ్చో లెక్కేస్తే 26 పక్కన 22 సున్నాలు పెట్టినంత సంఖ్య వస్తుంది. అన్నీ పరీక్షించి చూడడం ఏ కంప్యూటర్ తరమూ కాదు. పోనీ ప్రభావం ఎక్కువున్న మొదటి పదిమందినీ వరసగా తీసుకుంటే? వాళ్లలో సగంమంది ఒకే గుంపు వాళ్లు కావచ్చు. ఒకే వీధిలోవాళ్లకు ఒకే మాట ఐదుగురు చెప్పినా వినేవాళ్లు ఆ వీధివాళ్లే. కెంప్ బృందం చెప్పిన ఉపాయం నిరాడంబరమైనది. ముందు ఒక్కరిని ఎంచు. ఆ ఒక్కరు ఎలాగూ చేరుకునేవాళ్లను పక్కనపెట్టి, అదనంగా ఎక్కువమందిని తెచ్చే రెండో మనిషిని వెతుకు. ఆ ఇద్దరినీ దృష్టిలో పెట్టుకుని మూడో మనిషిని. ఇలా పోతే ఆదర్శవంతమైన ఎంపిక సాధించేదానిలో కనీసం 63 శాతమైనా దక్కుతుందని వాళ్లు నిరూపించారు. ఆ హామీకి మూలం ఒక చిన్న గుణం: జట్టు పెరిగేకొద్దీ కొత్తగా చేరే మనిషి తెచ్చే అదనపు లాభం తగ్గుతూ పోతుందే తప్ప పెరగదు. ఇలాంటి గుణమున్న లెక్కల మీద 1978లోనే నెమ్‌హౌసర్, వోల్సీ, ఫిషర్ ఒక సిద్ధాంతం రుజువు చేసిపెట్టారు. పాతికేళ్ల తర్వాత అది ఇక్కడ పనికొచ్చింది.

ఈ లెక్కలో నన్ను ఆకట్టుకునేది 63 అనే అంకె కాదు. ఒక మనిషి ప్రభావం ఆ మనిషి ఒంట్లో ఉండే వస్తువు కాదని ఇది చెబుతోంది. పక్కన ఇంకెవరున్నారన్న దాన్ని బట్టి అది పెరుగుతుంది, తరుగుతుంది.

అయితే ఆ నాణెం ఎక్కడిది? బొమ్మ పడే అవకాశం నూటికి ఒకటా, పదా? కాల్ రికార్డుల్లో అది రాసి ఉండదు. పైగా ఒకే నెట్‌వర్క్‌లో వేరువేరు వస్తువులు వేరువేరుగా పాకుతాయి. దీనికి మంచి ఉదాహరణ ఫోన్ వైరస్‌లు. 2004లో కాబిర్ అనే వార్మ్ బయటపడింది. బ్లూటూత్ ద్వారా ఒక ఫోన్ నుంచి పక్క ఫోన్‌కు దూకేది. మరుసటి ఏడాది హెల్సింకీలో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు జరుగుతుండగా స్టేడియంలోని జనం ఫోన్లకు అంటుకుంది. అదే ఏడాది వచ్చిన కామ్‌వారియర్ ఇంకాస్త ముదురు: బ్లూటూత్‌తో పాటు ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ ఎంఎంఎస్ రూపంలో తననే పంపుకునేది.

2009లో పూ వాంగ్, మార్తా గొంజాలెజ్, సీజర్ హిడాల్గో, బరబాసి కలిసి 62 లక్షల మంది కాల్ రికార్డుల మీద ఈ రెండు రకాల వైరస్‌లనూ కంప్యూటర్లో నడిపించి చూశారు. బ్లూటూత్ వైరస్‌కు పరిచయాలతో పనిలేదు. పక్కన ఎవరుంటే వాళ్లే పొరుగు నోడ్. అది జనం తిరిగే వేగంతోనే పాకగలదు కాబట్టి నెమ్మది, కానీ అంటుకోగల ఫోన్లన్నిటినీ చివరికి చేరుతుంది. ఎంఎంఎస్ వైరస్‌కు దూరంతో పనిలేదు. గంటల్లో దేశమంతా చుట్టెయ్యగలదు. దాన్ని ఆపింది వేరే సంగతి. వైరస్ ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఫోన్ల మీదే బతుకుతుంది. ఆ ఫోన్లున్నవాళ్లు దేశంలో కొద్దిమందే అయితే వాళ్ల మధ్య గీతలు తెగిపోయిన చిన్నచిన్న ముక్కలుగా ఉంటాయి, వైరస్ ఒక ముక్కలో చిక్కుకుపోతుంది. ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ వాటా 10 శాతం దాపుకు చేరితే ఆ ముక్కలు కలిసిపోయి పెద్ద ఖండం ఏర్పడుతుందని లెక్క తేలింది. అప్పటికి ఏ సిస్టమూ ఆ గీత దాటలేదు. పెద్ద ఉపద్రవం రాకపోవడానికి కారణం అదేనని వాళ్లు అన్నారు. ఈ రోజు మన జేబుల్లోని ఫోన్లలో రెండే రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు రాజ్యమేలుతున్నాయని గుర్తుంచుకుని ఆ వ్యాసం చదవాలి.

ఇప్పటిదాకా గీతలు ఎప్పుడూ ఉన్నట్టే మాట్లాడుకున్నాం. నిజానికి ఫోన్ మోగినప్పుడే గీత ఉంటుంది. లక్ష్మి ఉదయం 9కి రాజుకు ఫోన్ చేసింది, రాజు మధ్యాహ్నం సలీంకు చేశాడు. లక్ష్మి దగ్గరున్న కబురు సలీంకు చేరగలదు. సలీం దగ్గరున్నది ఆ రోజు లక్ష్మికి చేరే దారే లేదు. పటంలో చూస్తే ముగ్గురి మధ్యా రెండు గీతలు, రెండు వైపులా దారులున్నట్టే కనిపిస్తాయి. కాలం వాటిని ఒకవైపు దారులుగా మార్చేసింది.

దీనికి తోడు మనుషులు గడియారం పెట్టుకుని ఫోన్లు చెయ్యరు. పండగ పూట, పెళ్లి కుదిరినప్పుడు, ఒంట్లో బాగాలేనప్పుడు వరసగా చేస్తారు. తర్వాత రోజుల తరబడి మౌనం. 2011లో మార్టన్ కర్షాయి తదితరులు నిజమైన కాల్స్ మీద ఒక కబురును నడిపించారు. ఆ తర్వాత కాల్స్ సంఖ్య మార్చకుండా వాటి సమయాలను కలగాపులగం చేసి మళ్లీ నడిపించారు. కలగాపులగం చేసిన నెట్‌వర్క్‌లో కబురు త్వరగా పాకింది. నిజమైన దాంట్లో గుంపుల ఇరుకూ ఈ విరామాలూ కలిసి దాన్ని వెనక్కి లాగాయి. ఎవరినైనా కొద్ది అంచెల్లో చేరుకోగల చిన్న ప్రపంచమే, కానీ నెమ్మది ప్రపంచం. రోజుకొకసారి క్రమం తప్పకుండా మాట్లాడుకునే జంటనూ నెలకొకరోజు ముప్ఫైసార్లు ఫోన్ చేసుకునే జంటనూ ఒకే బలమున్న బంధాలుగా కొలవడం సరికాదని దీంతో తేలింది.

ఆలస్యం కూడా ఆయుధమే. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లు 2018లో మన తెలుగు రాష్ట్రాల్లోనూ, దేశంలో ఇంకా చాలాచోట్లా అమాయకుల ప్రాణాలు తీశాయి. ఆ జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చెయ్యకుండా కట్టడి పెట్టింది. మరుసటి ఏడాది బ్రెజిల్ పరిశోధకులు భారత్, బ్రెజిల్, ఇండోనేసియాల్లోని బహిరంగ గ్రూపుల సమాచారంతో ఈ కట్టడి ఎంత పనిచేస్తుందో అంచనా వేశారు. వ్యాప్తి బాగా ఆలస్యమవుతుంది. బాగా అంటుకునే స్వభావమున్న సందేశాన్ని మాత్రం అది ఆపలేదు. గంటల ఆలస్యం చిన్న సంగతి కాదు. పోలీసు జీపు ఊరికి చేరడానికీ, నిజం తెలిసిన ఒక మనిషి నోరు విప్పడానికీ ఆ గంటలే కావాలి.

అన్నిటికన్నా పెద్ద చిల్లు ఇంకా మిగిలే ఉంది.

2008లో ఐబీఎం భారత పరిశోధనశాలకు చెందిన కౌస్తువ్ దాస్‌గుప్తా, అమిత్ నానావతి తదితరులు ఒక మొబైల్ కంపెనీని వదిలిపోయే ఖాతాదారుల గురించి అధ్యయనం చేశారు. ప్రీపెయిడ్ సిమ్ కొన్నవాళ్ల గురించి కంపెనీకి తెలిసేది తక్కువ. తెలిసిందల్లా ఎవరితో మాట్లాడుతున్నారన్నదే. వదిలి వెళ్లిపోయిన ప్రతి మనిషి దగ్గరా కొంత ‘శక్తి’ ఉందనుకుని, ఆ శక్తిని కాల్స్ బలాన్ని బట్టి స్నేహితులకు, వాళ్ల నుంచి వాళ్ల స్నేహితులకు పంచుకుంటూ పోయారు. మనస్తత్వశాస్త్రంలో ఒక జ్ఞాపకం ఇంకో జ్ఞాపకాన్ని లేపే తీరును వివరించడానికి పుట్టిన పద్ధతి ఇది. ఎవరి దగ్గర శక్తి ఎక్కువగా పోగైతే వాళ్లు వెళ్లిపోయే అవకాశం ఎక్కువ. మన దేశంలో నంబరు మారకుండా కంపెనీ మారే సౌకర్యం 2011 జనవరిలో గానీ దేశమంతటికీ రాలేదు కాబట్టి, అంతకుముందు వెళ్లిపోవడమంటే పాత నంబరే వదులుకోవడం. అంత పనికి సిద్ధపడే మనిషిని స్నేహితుల పటం ముందే పట్టిచ్చింది.

పట్టిచ్చింది సరే. ఆ స్నేహితులే వాళ్లను లాక్కుపోయారా? ఒక హాస్టల్లో ఇద్దరు మిత్రులు ఒకే వారంలో కంపెనీ మారారంటే ఒకరి మాట ఇంకొకరు విని ఉండవచ్చు. హాస్టల్ దగ్గర సిగ్నల్ అందక ఎవరికి వాళ్లే విసిగిపోయి ఉండవచ్చు. ఇద్దరికీ ఒకే రకం డబ్బు ఇబ్బంది ఉండి, కొత్త కంపెనీ చవక పథకం ఇద్దరినీ విడివిడిగా పిలిచి ఉండవచ్చు. మనలాంటివాళ్లతోనే మనం స్నేహం చేస్తాం. కాబట్టి స్నేహితులు ఒకే పని చేశారన్నది ప్రభావానికి రుజువు కాదు.

ఈ రెంటినీ వేరు చెయ్యడానికి సినాన్ అరాల్, లెవ్ ముచ్నిక్, అరుణ్ సుందరరాజన్ 2009లో గట్టి ప్రయత్నం చేశారు. యాహూ మెసెంజర్‌లో 2.74 కోట్ల మంది పరిచయాల నెట్‌వర్క్ వాళ్ల చేతిలో ఉంది. యాహూ గో అనే మొబైల్ సేవ కొత్తగా వచ్చింది. స్నేహితుల్లో ఎవరైనా దాన్ని వాడుతున్న ప్రతి మనిషికీ, వయసు, అలవాట్లు, నెట్ వాడకం అన్నిటిలోనూ అలాగే ఉండి స్నేహితుల్లో ఎవరూ వాడని ఇంకో మనిషిని వెతికి జతపెట్టారు. ఆ ఇద్దరి మధ్య తేడాయే ప్రభావానికి దక్కాల్సిన వాటా. స్నేహితుడి నుంచి అంటుకున్నట్టు పైకి కనిపించినదాంట్లో సగానికి పైగా కేవలం పోలిక వల్ల వచ్చిందేనని తేలింది. పాత పద్ధతులు ప్రభావాన్ని 300 నుంచి 700 శాతం దాకా ఎక్కువ చేసి చూపుతున్నాయి. అంతకుముందు వచ్చిన ‘ప్రభావశీలుర జాబితా’లన్నిటినీ అనుమానంగా చూడాల్సిన పరిస్థితి వచ్చింది. ఇది మంచిదే అయిందని నా అభిప్రాయం. కొలత అనే మాటకు గౌరవం ఉండాలంటే, ఆ మనిషి చెప్పకపోతే జరగకుండా ఉండేదేమిటో చూపగలగాలి.

ఇంకో మాట కూడా చెప్పి తీరాలి. పైన చెప్పిన అధ్యయనాల్లో ఎక్కువభాగం లక్షలాది మనుషుల రికార్డుల మీద, వాళ్లకు తెలియకుండానే జరిగాయి. పేర్లు, నంబర్లు తీసేశాం కదా అన్నది సమాధానం. 2013లో ఈవ్-అలెగ్జాండ్ర్ ద మోన్జ్వా తదితరులు 15 లక్షల మంది ఫోన్ల 15 నెలల కదలికలను పరిశీలించి, ఒక మనిషి ఎక్కడ ఏ గంటలో ఉన్నాడో నాలుగు సందర్భాలు తెలిస్తే చాలు, నూటికి 95 మందిని మిగతావాళ్ల నుంచి వేరుచేసి గుర్తుపట్టవచ్చని చూపారు. ఇల్లు, ఆఫీసు, ఒక పెళ్లి, ఒక ఆసుపత్రి. అంతే. పేరు తీసెయ్యడం రక్షణ కాదు. ఎవరి మాట ఎవరు వింటారో చూపే పటం వ్యాపారి చేతిలో ఒకలా, ప్రభుత్వం చేతిలో ఇంకోలా పనిచేస్తుంది. ఆ పటంలో చుక్కగా ఉన్న మనిషికి ఆ సంగతి తెలిసే హక్కు ఉంది.

అందుకే ఈ రంగంలో నేను అన్నిటికన్నా మక్కువగా చెప్పుకునే ప్రయోగం మన పక్క రాష్ట్రంలో, ఒక్క కాల్ రికార్డూ తీసుకోకుండా జరిగినది.

అభిజిత్ బెనర్జీ, అరుణ్ చంద్రశేఖర్, ఎస్తేర్ డఫ్లో, మాథ్యూ జాక్సన్ అనే నలుగురు ఆర్థికవేత్తలు కర్ణాటకలోని 75 ఊళ్లలో ఎవరు ఎవరింటికి వెళతారు, ఎవరి దగ్గర చేబదులు తీసుకుంటారు, ఎవరిని సలహా అడుగుతారు అని అడిగి ఊరూరికీ పటం గీశారు. తర్వాత వాటిలో 43 ఊళ్లకు ఒక సూక్ష్మరుణ సంస్థ వచ్చింది. టీచర్లు, దుకాణదారులు, పొదుపు సంఘాల నాయకురాళ్ల వంటివాళ్లకు ముందుగా చెప్పి, ఊళ్లో చెప్పమంది. కబురు ఎలా నడిచిందో 2013లో వాళ్లు ప్రచురించారు. అప్పు తీసుకున్న మనిషి, తీసుకోని మనిషి కన్నా ఏడు రెట్లు ఎక్కువగా ఇతరులకు చెబుతాడు. అయినా చివరికి తెలిసినవాళ్లలో మూడోవంతు మందికి కబురు చేరింది అప్పు తీసుకోనివాళ్ల నోటి నుంచే. తనకు అక్కర్లేని సంగతిని కూడా నలుగురికీ చెప్పే మనిషిని లెక్కలోకి తీసుకోని ఏ కొలతా పూర్తి కాదన్నమాట.

ఆ అనుభవం నుంచి వాళ్లు ‘విస్తరణ కేంద్రీయత’ అనే కొలత తయారు చేశారు. ఒక మనిషితో కబురు మొదలుపెట్టి, విన్న ప్రతివాళ్లూ తమ పరిచయస్థులకు కొంత సంభావ్యతతో చెబుతూ పోతారనుకుని, కొన్ని విడతల్లో ఊరంతా కలిపి ఆ కబురు ఎన్నిసార్లు వింటారో లెక్కెయ్యాలి. విడత ఒక్కటే అయితే ఇది పరిచయాల సంఖ్యే. విడతలు పెరిగేకొద్దీ పరిచయస్థుల పరిచయాలూ, వాళ్ల పరిచయాలూ లెక్కలోకి వస్తాయి. ఆసక్తికి ఆయుష్షు తక్కువున్న కబురుకు ఒకరు మేలు, ఎక్కువకాలం నలిగే కబురుకు ఇంకొకరు మేలు.

మరి పటం లేని ఊరి సంగతేమిటి? ప్రతి ఊళ్లోనూ ప్రతి ఇంటినీ అడగాలంటే బోలెడు డబ్బు, కాలం. నేరుగా ఊరివాళ్లనే అడిగితే సరిపోదా అని వాళ్లకు తోచింది. ఒక జాతర గురించో, కొత్త రుణం గురించో ఊరందరికీ తెలియాలంటే ఎవరికి చెప్పాలి? ఇదీ ప్రశ్న. పటాలు ముందే గీసిపెట్టుకున్న ఊళ్లలో ఈ ప్రశ్న అడిగి చూస్తే, జనం చెప్పిన పేర్లు విస్తరణ కేంద్రీయత ఎక్కువున్నవాళ్లవే.

తర్వాత అసలు పరీక్ష. కర్ణాటకలో 213 ఊళ్లు తీసుకున్నారు. ఊరికి కొద్దిమందికే, ముగ్గురికో ఐదుగురికో, ఒక విషయం చెప్పారు: ఫలానా నంబరుకు మిస్డ్ కాల్ ఇచ్చినవాళ్లకు సెల్‌ఫోన్ గానీ డబ్బు గానీ గెలిచే అవకాశం ఉంది, మీ ఊళ్లో అందరికీ చెప్పండి. ఎక్కువమంది ఫోన్ చేసినా ఎవరి అవకాశమూ తగ్గదు కాబట్టి దాచిపెట్టుకోవాల్సిన పనిలేదు. మిస్డ్ కాల్‌కు ఖర్చు లేదు కాబట్టి పేదవాళ్లు వెనక్కి తగ్గరు. ఎన్ని మిస్డ్ కాల్స్ వచ్చాయో అదే కొలత. ఇంత తక్కువ సరంజామాతో ఇంత శుభ్రమైన కొలమానం తయారు చెయ్యడం నిజంగా గొప్ప విషయం. కొన్ని ఊళ్లలో ఆ మొదటి కొద్దిమందినీ చీటీ తీసినట్టు ఎవరో ఒకరిని ఎంచారు. కొన్నిట్లో ఊరి పెద్దల్ని. కొన్నిట్లో జనం పేరు పెట్టి చెప్పిన, నోట్లో నువ్వుగింజ నానని మనుషుల్ని. ఏ ఊరికి ఏ పద్ధతి అన్నది లాటరీతో తేల్చారు. కాబట్టి పోలికకూ ప్రభావానికీ మధ్య గందరగోళం ఇక్కడ లేదు.

ఎవరో ఒకరిని ఎంచిన ఊళ్ల నుంచి సగటున 8.1 మిస్డ్ కాల్స్ వచ్చాయి. జనం చెప్పిన మనుషుల ఊళ్ల నుంచి 11.7. ఊరి పెద్దలు, అడ్డదిడ్డంగా ఎంచినవాళ్ల కన్నా ఏమీ మెరుగు కాలేదు. పెద్దరికం వేరు, కబురు చేరవేసే గుణం వేరు అని ఆ 213 ఊళ్లూ చెప్పాయి. మన దగ్గర ఏ ప్రభుత్వ పథకం వచ్చినా ముందుగా సర్పంచ్‌నీ ఊరి పెద్దల్నీ కూర్చోబెట్టి చెప్పే అలవాటున్నవాళ్లు ఈ ఫలితాన్ని రెండోసారి కూడా చదవాలి.

నెట్‌వర్క్ పటం చూడని మనుషులకు ఇది ఎలా తెలుస్తుంది? ఆ నలుగురు ఇచ్చిన వివరణ ఈ అధ్యాయంలోని గణితమంతటినీ నేలమీదికి తెస్తుంది. జనానికి ఎవరికి ఎంతమందితో పరిచయముందో తెలియనక్కర్లేదు. ఫలానా ఆమె మొదలుపెట్టిన కబురు ఇన్నాళ్లలో తమ చెవిన ఎన్నిసార్లు పడిందో లీలగా గుర్తుంటే చాలు. అలా ఒక మనిషి నుంచి పుట్టిన కబుర్లు నెట్‌వర్క్‌లో ఎంత తరచుగా వినబడతాయన్నదే విస్తరణ కేంద్రీయత నిర్వచనం. కంప్యూటర్ వేలసార్లు నాణెం ఎగరేసి తెలుసుకునే సంఖ్యను ఊళ్లో ప్రతి చెవీ ఏళ్ల తరబడి కబుర్లు వింటూ పోగు చేసుకుంటూ ఉంటుంది. ఆమె ఇల్లు ఊరికి ఆ చివర ఉన్నా, ఆమెతో తమకు ముఖపరిచయమే లేకపోయినా ఆ లెక్క దాదాపు సరిగ్గానే వస్తుంది.

వాళ్లు ఇదే పద్ధతిని హర్యానాలోని 521 ఊళ్లకు తీసుకెళ్లారు. ఈసారి చెప్పాల్సింది బహుమతి గురించి కాదు, పసిపిల్లలకు టీకాలు వేసే శిబిరాల గురించి. కబురు వింటే సరిపోదు, నమ్మాలి, పిల్లను చంకన వేసుకుని వెళ్లాలి. కొన్ని ఊళ్లలో కబురు బాగా చేరవేసేవాళ్లను, కొన్నిట్లో జనం నమ్మేవాళ్లను, కొన్నిట్లో రెండు గుణాలూ ఉన్నవాళ్లను, ఇంకొన్నిట్లో ఎవరో ఒకరిని ఎంచి నెలనెలా గుర్తు చేయించారు. ఎవరో ఒకరిని ఎంచిన ఊళ్లతో పోలిస్తే, కబురు చేరవేసేవాళ్లను ఎంచిన ఊళ్లలో నెలకు టీకా వేయించుకున్న పిల్లల సంఖ్య 22 శాతం పెరిగింది. ఆ మనుషుల్ని పట్టుకోవడానికి అయిన ఖర్చు కొన్ని గడపలెక్కి ఒక ప్రశ్న అడగడం.